పాత కారు ముందు చక్రం నుంచి శబ్దం వస్తోందా? అది బేరింగా.. బ్రేకా? ఇలా కనిపెట్టండి

పాత కారు నడిపేవాళ్లకు ఏదో ఒక రోజు తప్పని తలనొప్పి ఇది. ముందు నుంచి ఏదో సౌండ్ వస్తుంటుంది.. అదేంటో అర్థం కాదు. తీరా గ్యారేజీకి తీసుకెళ్తే అక్కడ రాదు! మెకానిక్ వీధి చివరి దాకా నడిపి చూసి ‘ప్యాడ్లు మార్చేద్దాం సార్’ అంటాడు. మార్చాక కూడా అదే గోల. ఆ తర్వాత అలైన్‌మెంట్, ఆ తర్వాత టైర్లు.. చివరికి అసలు దోషి వీల్ బేరింగ్ అని తేలేసరికి జేబు ఖాళీ అవుతుంది.

దీనికి రివర్స్‌లో కూడా జరుగుతుంది. ‘పాత బండి కదా.. ఆ మాత్రం సౌండ్ ఉంటుందిలే’ అని వదిలేస్తారు. కానీ ఆ సౌండ్ బ్రేక్ ప్యాడ్ పూర్తిగా అరిగిపోయి ఇనుము ఇనుముతో రాసుకుంటున్న శబ్దం అయితే? సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే ఎక్కాక, ఎదురుగా లారీ సడెన్‌గా ఆగితే.. అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. అందుకే డబ్బు వృథా కాకూడదన్నా, ప్రాణం మీదకు రాకూడదన్నా ఆ శబ్దం ఎక్కడిదో ముందు మనకే ఒక అంచనా ఉండాలి. అది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు.

మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే పాత చిన్న కార్లనే తీసుకుందాం. 1998లో వచ్చిన శాంట్రో, ఇండికా, ఆ తర్వాత వచ్చిన వ్యాగన్ ఆర్, ఆల్టో, 2005లో వచ్చిన స్విఫ్ట్.. వీటన్నింటిలో ఇంజన్ ముందు చక్రాలనే తిప్పుతుంది. ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ బ్రేకులు ఉంటాయి. అంటే బండిని లాగేదీ, తిప్పేదీ, ఎక్కువ భాగం ఆపేదీ ముందు చక్రాలే. అందుకే సౌండ్లు కూడా అక్కడి నుంచే ఎక్కువ.

మూడే మూడు ప్రశ్నలు

చాలామంది మెకానిక్ దగ్గరకెళ్లి ‘గుర్ర్ మంటోంది’, ‘కీచుమంటోంది’ అని చెబుతారు. కానీ సౌండ్ ఎలా ఉందన్న దాని కన్నా.. ఎప్పుడు వస్తోంది, ఏం చేస్తే మారుతోంది అన్నదే అసలు క్లూ. ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే.

1. స్పీడ్ పెరిగితే సౌండ్ పెరుగుతోందా?
2. బ్రేక్ తొక్కితే సౌండ్ మారుతోందా?
3. స్టీరింగ్ తిప్పితే సౌండ్ మారుతోందా?

ట్రాఫిక్ లేని రోడ్డు చూసుకుని, ఏసీ, మ్యూజిక్ ఆపేసి, అద్దాలు దించి నడపండి. పక్కన ఇంకొకరు కూర్చుంటే ఇంకా మంచిది. ఒకరు నడపాలి, ఒకరు వినాలి.

బేరింగ్ సౌండ్ ఎలా ఉంటుంది?

చక్రం తేలిగ్గా తిరగడానికి హబ్ లోపల ఉండేదే వీల్ బేరింగ్. రెండు ఉక్కు రింగుల మధ్య గోళీల్లాంటి బాల్స్, వాటి చుట్టూ గ్రీజు, ఆ గ్రీజు బయటకు పోకుండా, నీళ్లు లోపలికి రాకుండా సీల్ ఉంటాయి. సీల్ దెబ్బతింటే నీళ్లు, మట్టి లోపలికి వెళ్తాయి. గ్రీజు పాడవుతుంది. నున్నగా ఉండాల్సిన రింగు మీద తుప్పు, చిన్న చిన్న గుంటలు పడతాయి. ఆ గుంటల మీద బాల్స్ దొర్లుతుంటే వచ్చేదే ఆ బొంగురు శబ్దం. మాటిమాటికీ పెద్ద గోతుల్లో పడటం, చక్రం ఫుట్‌పాత్‌కు బలంగా తగలడం కూడా బేరింగ్‌ను దెబ్బతీస్తాయి.

మొదట్లో ఇది 40, 50 కిలోమీటర్ల స్పీడ్ దాటాకే ‘ఊఁ..’ అని సన్నగా వినిపిస్తుంది. విమానం దూరంగా పోతున్నట్టు ఉంటుంది. స్పీడ్ పెరిగే కొద్దీ గొంతు పెరుగుతుంది. రోజులు గడిచే కొద్దీ అది గరగరగా మారి, ఫ్లోర్‌లో, స్టీరింగ్‌లో వణుకు తెలుస్తుంది. బ్రేక్ తొక్కినా, తొక్కకపోయినా పెద్దగా తేడా ఉండదు.

మరి ఇది ఇంజన్ సౌండ్ కాదని ఎలా తెలుస్తుంది? 50 కిలోమీటర్ల స్పీడ్‌లో నాలుగో గేర్‌లో వెళ్తూ, అదే స్పీడ్‌లో మూడో గేర్ వేయండి. ఇంజన్ వేగంగా తిరుగుతుంది, చక్రం మాత్రం అదే వేగంతో ఉంటుంది. సౌండ్ మారకుండా అలాగే ఉంటే అది చక్రాల వైపు నుంచి వస్తున్నట్టే. ఇంజన్‌తో పాటు పెరిగితే వెతకాల్సింది బానెట్ కింద. ఈ టెస్ట్ కోసం కదులుతున్న బండిలో ఇంజన్ ఆఫ్ చేసే పని మాత్రం పెట్టుకోవద్దు. బ్రేక్ పెడల్ గట్టిపడిపోతుంది, పవర్ స్టీరింగ్ సాయం పోతుంది, తాళం పూర్తిగా తీస్తే స్టీరింగ్ లాక్ అయిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఎడమ చక్రమా.. కుడి చక్రమా?

ఆర్టీసీ బస్సు ఎడమకు తిరిగితే మనం ఎటు ఒరుగుతాం? కుడివైపుకే కదా. కారు బరువు కూడా అంతే. ఎడమకు తిరుగుతున్నప్పుడు బరువంతా కుడి చక్రం మీద పడుతుంది. కాబట్టి పొడవాటి ఎడమ మలుపులో సౌండ్ పెరిగితే కుడి బేరింగ్ మీద అనుమానం. కుడి మలుపులో పెరిగితే ఎడమ బేరింగ్ మీద. ఇది ప్రతిసారీ నూటికి నూరు పాళ్లు నిజం కాదు. శబ్దం బాడీ గుండా ఇంకో మూలకు పాకి చెవిని మోసం చేస్తుంది. అయినా మొదటి అంచనాకు ఇది బాగా పనికొస్తుంది. దీని కోసం హైవే మీద పాము మెలికలు తిప్పనక్కర్లేదు. మామూలు స్పీడ్‌లో మలుపు తిరిగితే చాలు.

టైరు చేసే మాయ

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కూడా అచ్చం బేరింగ్ లాగే బొంగురు శబ్దం చేస్తుంది. తేడా ఎలా పట్టాలి? సిమెంట్ రోడ్డు మీద నుంచి నున్నటి తారు రోడ్డు మీదకు ఎక్కినప్పుడు సౌండ్ బాగా తగ్గితే టైరును అనుమానించాలి. బేరింగ్ గోల రోడ్డు మారినా ఆగదు. టైరు మీద అరచేయి పెట్టి చుట్టూ నిమిరి చూడండి. రంపం పళ్లలా ఎత్తుపల్లాలు తగిలితే అదీ ఒక గుర్తే.

ఇంకా నమ్మకంగా తేలాలంటే పంక్చర్ షాపులో ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకు మార్పించండి. సౌండ్ కూడా వెనక్కి వెళ్లిపోతే అది టైరే. ముందే ఉండిపోతే బేరింగ్ మీద అనుమానం బలపడుతుంది. బేరింగ్ విప్పించే ముందు చేయాల్సిన చవకైన పరీక్ష ఇదే.

బ్రేకులు ఎన్ని రకాలుగా అరుస్తాయంటే..

బ్రేక్ సౌండ్లకు ఒక లక్షణం ఉంటుంది. పెడల్ మీద కాలు పెట్టినప్పుడో, తీసినప్పుడో అవి మారతాయి. అయితే అన్ని సౌండ్లూ ప్రమాదం కాదు.

పొద్దున్నే మొదటిసారి తొక్కినప్పుడు గరగర: రాత్రి వాన పడినా, కారు కడిగి వదిలేసినా డిస్క్ మీద పలుచటి తుప్పు పేరుకుంటుంది. నాలుగైదు సార్లు బ్రేక్ తొక్కగానే పోతుంది. దీనికి కంగారు పడక్కర్లేదు.

సన్నగా, గట్టిగా కీచుమనే శబ్దం: దుమ్ము, ప్యాడ్ మెరుపెక్కి గట్టిపడటం, వెనక ఉండే షిమ్ రేకు లేకపోవడం.. ఇలా కారణాలు చాలా ఉంటాయి. కొన్ని ప్యాడ్లకు మాత్రం ఒక చిన్న స్టీల్ రేకు అమర్చి ఉంటుంది. ప్యాడ్ చివరికొచ్చాక ఆ రేకు డిస్క్‌కు తగిలి కీచుమంటుంది. ‘నన్ను మార్చు’ అని ప్యాడ్ చెప్పడమన్నమాట. ఈ రేకు సౌండ్ నడుస్తున్నప్పుడు వచ్చి, బ్రేక్ తొక్కితే ఆగిపోవచ్చు కూడా. ఇంకో మాట.. అన్ని ప్యాడ్లకూ ఈ రేకు ఉండదు. కాబట్టి సౌండ్ లేదంటే ప్యాడ్ బాగున్నట్టేనని అనుకోవద్దు.

బ్రేక్ తొక్కగానే ఇనుము గీరుకుపోతున్న శబ్దం: ఇదే అన్నింటి కన్నా డేంజర్. ప్యాడ్ మీది మెటీరియల్ అయిపోయి, వెనకున్న ఇనుప ప్లేటు డిస్క్‌ను గీరేస్తోందని అర్థం. బండి ఆగే దూరం పెరుగుతుంది. ప్యాడ్లతో పోయేది కాస్తా డిస్కుల దాకా వస్తుంది. ఇంకా నడిపితే క్యాలిపర్ పిస్టన్ మరీ బయటకొచ్చి బ్రేక్ ఆయిల్ కారే ప్రమాదం ఉంది. ఈ శబ్దం వస్తే బండి పక్కన పెట్టాల్సిందే.

బ్రేక్ తొక్కకపోయినా సన్నగా గీరుతున్న శబ్దం: డిస్క్ వెనక ఉండే పలుచటి రేకు వంగి తగులుతుండొచ్చు. లేదా డిస్క్‌కు, రేకుకు మధ్య చిన్న గులకరాయి ఇరుక్కుని ఉండొచ్చు. కంకర రోడ్డు మీద తిరిగొచ్చాక, లేదా టైరు మార్చాక సడెన్‌గా మొదలైతే ముందు దీన్నే చూడాలి. రాయి తీస్తే ఫ్రీగా పోయే జబ్బు ఇది!

గుంతల్లో టకటక.. బ్రేక్ తొక్కితే బంద్: ప్యాడ్లను పట్టి ఉంచే క్లిప్పులు పోయినా, క్యాలిపర్ బోల్టు లూజైనా ఇలా వస్తుంది. ప్యాడ్లు మార్చినప్పుడు పాత క్లిప్పులు తిరిగి వేయకుండా పక్కన పడేస్తే ఈ సమస్య మొదలవుతుంది. బోల్టు లూజు అన్నది చిన్న విషయం కాదు. వెంటనే చూపించాలి.

బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణకడం: డిస్క్ మందం అన్ని చోట్లా సమానంగా లేదని ఇది చెబుతుంది.

ఒక చక్రం మాత్రమే కాలిపోతోందా?

క్యాలిపర్ జరగడానికి ఉండే పిన్నులు పాత బళ్లలో గ్రీజు ఎండిపోయి పట్టేస్తాయి. అప్పుడు కాలు తీసినా ప్యాడ్ డిస్క్‌ను వదలదు. కారు ఒక పక్కకు లాగడం, మైలేజీ పడిపోవడం, కాలిన వాసన.. ఇవన్నీ దాని గుర్తులే. ఎక్కువగా బ్రేకులు వాడకుండా ఓ పది కిలోమీటర్లు నడిపి, దిగాక రెండు ముందు చక్రాల దగ్గరా చెయ్యి దూరంగా పెట్టి వేడి పోల్చి చూడండి. ఒక పక్కే సెగ కొడుతుంటే అక్కడే తేడా ఉంది. డిస్క్‌ను మాత్రం ముట్టుకోవద్దు, చర్మం ఊడొస్తుంది.

ఇలా పట్టేసిన క్యాలిపర్‌లో ఎక్కువగా లోపలి ప్యాడ్ తొందరగా అరుగుతుంది. బయటి నుంచి కనిపించే ప్యాడ్ చూసి ‘ఇంకా చాలా ఉంది’ అని సర్టిఫికెట్ ఇచ్చేస్తే మోసపోయినట్టే. రెండూ చూడాలి. కొత్త ప్యాడ్ మెటీరియల్ సాధారణంగా 10 మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే టైమ్ వచ్చినట్టే.

తిరిగినప్పుడు టక్ టక్ అంటే..

స్టీరింగ్ పూర్తిగా తిప్పి యూటర్న్ తీసుకుంటూ యాక్సిలరేటర్ ఇస్తే ‘టక్.. టక్.. టక్’ అని వస్తోందా? అది బేరింగూ కాదు, బ్రేకూ కాదు. ఇంజన్ నుంచి చక్రానికి శక్తి ఇచ్చే యాక్సిల్ చివరనున్న సీవీ జాయింట్ అయ్యుండొచ్చు. చక్రం వెనక మడతల రబ్బరు బూట్ చిరిగి, చుట్టూ నల్లగా గ్రీజు చిమ్మి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

జాకీ ఎత్తి చూడాలంటే..

ముందు జాగ్రత్త. సమతలంగా ఉన్న గట్టి నేల మీదే జాకీ వేయాలి. హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టాలి. బండితో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే తప్ప ఊపి చూడటానికి కాదు. జాక్ స్టాండ్ లేకపోతే ఈ పని గ్యారేజీలో మీ ఎదురుగా చేయించుకోవడమే మేలు. జాకీ మీద ఉన్న బండి కింద తల, చెయ్యి పెట్టొద్దు.

చక్రం గాల్లోకి లేచాక పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ముందుకీ వెనక్కీ ఊపాలి. ఆట, అంటే లూజు తెలిస్తే.. లోపల ఒకరిని బ్రేక్ తొక్కి పట్టమనండి. బ్రేక్ తొక్కగానే ఆట పోతే అది బేరింగ్. బ్రేక్ తొక్కినా ఆట అలాగే ఉంటే బాల్ జాయింట్ లాంటి వేరే పార్టు. అదే చక్రాన్ని ఎడమ, కుడి పక్కలా పట్టి ఊపితే మాత్రమే ఆట ఉంటే టై రాడ్ ఎండ్ వైపు చూడాలి.

తర్వాత గేర్ న్యూట్రల్‌లో పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండో చేతిని సస్పెన్షన్ స్ప్రింగ్ మీద ఆనించండి. బేరింగ్ పాడైతే ఆ గరగర స్ప్రింగ్‌లో చేతికి తెలుస్తుంది. ప్యాడ్ కొద్దిగా రాసుకుంటున్న సౌండ్ మామూలే. ఇంకో ముఖ్యమైన సంగతి.. ఆట లేనంత మాత్రాన బేరింగ్ బాగున్నట్టు కాదు. చాలా బేరింగ్‌లు లూజు రాకముందే అరవడం మొదలుపెడతాయి.

వరద నీళ్లలో నానిన కారు అయితే?

2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో వరదలకు కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచిపోయాయి. అలా నానిన బండికి ఇంజన్, సీట్లు బాగు చేయించి చక్రాల సంగతి మర్చిపోతే ఇబ్బందే. బేరింగ్‌లోకి చేరిన బురద నీళ్లు వెంటనే చెప్పవు. కొన్ని నెలలు పోయాక అరుస్తాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు టెస్ట్ డ్రైవ్‌ను గల్లీలో 20 స్పీడ్‌తో ముగించేయకండి. 60 దాకా తీసుకెళ్లి, మ్యూజిక్ ఆపి వినండి. 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు, ఫిట్‌నెస్‌కు వెళ్లే కారైనా ముందే ఈ చెకింగ్ చేయించుకోవడం మంచిది.

బ్రేక్ లైట్ వెలిగితే ఆయిల్ పోసేస్తున్నారా?

ప్యాడ్లు అరిగే కొద్దీ బ్రేక్ ఆయిల్ డబ్బాలో లెవెల్ కొంచెం కొంచెంగా తగ్గుతుంది. అది మామూలే. హ్యాండ్‌బ్రేక్ దించినా డ్యాష్‌బోర్డులో ఎర్ర లైట్ వెలుగుతుంటే చాలామంది ఆయిల్ పోసి లైట్ ఆర్పేస్తారు. అలా చేస్తే ప్యాడ్లు అయిపోయాయన్న హెచ్చరికనే ఆర్పేసినట్టు. ముందు ప్యాడ్లు చూడాలి, ఎక్కడైనా లీకు ఉందేమో చూడాలి, తర్వాతే ఆయిల్. అది కూడా డబ్బా మూత మీద రాసిన రకమే పోయాలి.

మెకానిక్ దగ్గర ఇవి అడగండి

సౌండ్ ఎంత స్పీడ్‌లో, ఏ మలుపులో, బ్రేక్ తొక్కితేనా, వదిలితేనా అన్నది ముందే చెప్పండి. వీలైతే పక్క సీట్లో కూర్చున్నవాళ్లతో ఫోన్‌లో రికార్డ్ చేయించండి. మెకానిక్‌ను కూర్చోబెట్టుకుని సౌండ్ వచ్చే స్పీడ్ దాకా మీరే నడిపి చూపించండి.

బేరింగ్ మార్చాలంటే ఆ చక్రానిదే మార్చొచ్చు. రెండో వైపు బాగుంటే దాన్ని కదపనక్కర్లేదు. ప్యాడ్లు, డిస్కులు మాత్రం ఎప్పుడూ రెండు పక్కలా కలిపే మార్చాలి. ఒక పక్కే మారిస్తే బ్రేక్ కొట్టినప్పుడు బండి ఒక వైపుకు లాగుతుంది.

చాలా చిన్న కార్లలో బేరింగ్ హబ్ నకల్‌లో బిగుతుగా కూర్చుని ఉంటుంది. దాన్ని ప్రెస్ మెషిన్ మీద తీసి, ప్రెస్ మీదే ఎక్కించాలి. ప్రెస్ లేని గ్యారేజీ వాళ్లు లేత్ షాపుకు పంపుతారు. సుత్తితో కొట్టి ఎక్కిస్తే కొత్త బేరింగ్ లోపలి రింగు మీద అప్పుడే గుంటలు పడతాయి. కొద్ది రోజులకే మళ్లీ అదే సౌండ్! అలాగే యాక్సిల్ నట్‌ను కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించాలి. ‘గట్టిగానే బిగించా సార్’ అన్నది లెక్క కాదు.

డిస్క్‌ను లేత్ పట్టిస్తే సరిపోతుందా, కొత్తది వేయాలా? చాలా డిస్కుల మీద కనీస మందం ఎంతో అచ్చు వేసి ఉంటుంది. లేత్ పట్టాక దాని కంటే పలుచబడితే కొత్తదే వేయాలి. తీసేసిన పాత పార్టులు చూపించమని అడగండి. పాత బేరింగ్‌ను వేళ్లతో తిప్పితే గరగర తెలిసిపోతుంది.

కొత్త ప్యాడ్లు వేశాక బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కాలి. ఇది మర్చిపోతే మొదటి బ్రేక్ పడదు. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు సడెన్ బ్రేకులు తగ్గిస్తే ప్యాడ్ డిస్క్‌కు బాగా కుదురుకుంటుంది.

ఒక్క చూపులో..

- స్పీడ్‌తో పెరిగే బొంగురు శబ్దం, మలుపులో తేడా: బేరింగ్
- రోడ్డు మారితే మారే శబ్దం: టైరు
- తొక్కితే గీరుకుపోతున్న శబ్దం: ప్యాడ్ అయిపోయింది, బండి ఆపండి
- కీచుమనే శబ్దం: ఈ వారంలోపు ప్యాడ్లు చెక్ చేయించండి
- ఒక చక్రమే వేడి, ఒక పక్కకు లాగడం: క్యాలిపర్ పట్టేసింది
- ఫుల్ టర్నింగ్‌లో టక్ టక్: సీవీ జాయింట్
- పొద్దున మాత్రమే గరగర: తుప్పు, భయం లేదు

ఎంతకాలం నడపొచ్చు?

ఇనుము గీరుకునే శబ్దం వచ్చినా, పెడల్ లోపలికి దిగిపోతున్నా, చక్రంలో చేతికి తెలిసేంత లూజు ఉన్నా, బ్రేక్ ఆయిల్ కారుతున్నా.. ఇక నడపొద్దు. మెకానిక్‌నే పిలిపించుకోవడమో, బండిని టో చేయించడమో చేయాలి. సన్నగా మొదలైన బేరింగ్ సౌండ్ అప్పటికప్పుడు బండిని ఆపేయదు. ఊళ్లో నెమ్మదిగా గ్యారేజీ దాకా తీసుకెళ్లొచ్చు. కానీ దాంతో లాంగ్ డ్రైవ్ పెట్టుకోవద్దు. ముదిరిన బేరింగ్ వేడెక్కి పట్టేయొచ్చు, మరీ దారుణమైన సందర్భాల్లో చక్రమే ఊడిపోయే ప్రమాదం ఉంది. బేరింగ్ తనంతట తాను బాగుపడదు. ఈ నెల సన్నగా ఉన్నది వచ్చే నెల గట్టిగానే ఉంటుంది.

అందుకే ఈసారి ముందు చక్రం నుంచి సౌండ్ వినిపిస్తే మ్యూజిక్ వాల్యూమ్ పెంచకండి.. అద్దం దించి ఒకసారి వినండి.